నిద్ర కరవైన మనస్సు

కొండపల్లికిని ఇబ్రహీంపట్నమునకును నడుమ 1979లో తొలి యూనిట్టు నడక మొదలిడిన నాటనుండి, నేడు నార్ల తాతారావుగారి పేర వెలయుచున్న థర్మల్ విద్యుత్కేంద్రము రేయింబవళ్లు పనిచేయుచునే యున్నది. రాత్రి పని ముగించి తెల్లవారి యిల్లు చేరి, కిటికీలు మూసికొని పడుకొనియు నిద్రపట్టక పొరలుట ఇచటి కాపురములకు వింతగాదు. "నైట్ డ్యూటీ గదా, అంతే" యని ఇంటివారును, తుదకు ఆ మనిషియు సరిపెట్టుకొందురు. ఆ సరిపెట్టుకొనుటయే నన్ను కలతపెట్టుచున్నది.

దుఃఖము నిద్రను హరించునని మనవారికి చిరకాలముగా తెలిసినదే. పాండవులకడనుండి మరలివచ్చి, సందేశము రేపు సభలో వినిపించెదనని పోయిన సంజయుని తలపోసి తలపోసి, కన్ను మూతపడక విదురుని పిలిపించుకొన్న ధృతరాష్ట్రుని కథ ఉద్యోగపర్వమున నున్నది. కాని నిద్రలేమియే ముందు వచ్చి, కుంగుబాటును వెంటగొనివచ్చుటయు గలదు. 1989లో ఫోర్డ్, కామెరో అను అమెరికా పరిశోధకులు, 7,954 మందిని ఏడాది యెడముతో రెండుమార్లు విచారించి, రెండుమార్లును నిద్రలేదన్న వారియందు క్రొత్తగా డిప్రెషన్ పొడసూపుట తక్కినవారికంటె మిక్కిలి హెచ్చుగా నున్నదని ప్రకటించిరి.

మెదడులోని జీవగడియారము వెలుతురు ననుసరించి నడచును గనుక, పగటినిద్ర కొరవడియు, పలుచబడియు నుండును. కుంగుబాటు గలవారియందు గాఢనిద్ర తగ్గి, సాధారణముగా గంటన్నర పిమ్మట వచ్చు స్వప్ననిద్ర ముందే వచ్చుట తరచు. పలువురికి వేకువ మూడు నాలుగు గంటలకే మెలకువ కలిగి, అప్పటి బరువు సాయంకాలమునకు గాని తేలికపడదు. కొందరు, ముఖ్యముగా పిన్నవయస్కులు, మితిమీరి నిద్రింతురు. వారిని సోమరులనుట అన్యాయము.

మద్యము తొలుత కునుకు తెప్పించి, పిదప నిద్రను ముక్కలు చేయును. మందుల షాపులో అడిగి తెచ్చుకొను నిద్రమాత్రలును శ్రేయస్కరములు గావు. ప్రతిదినము ఒకే వేళకు లేచుట, నిద్ర రానపుడు మంచము విడిచి కూర్చుండుట మొదలగు అలవాట్లను నేర్పు చికిత్స నిద్రలేమికి మాత్రలకంటె ముందు చేయదగినదని వైద్యుల మతము. కుంగుబాటు మందులకు ఫలము కనబడుటకు కొన్ని వారములు పట్టును; నడుమ మానరాదు.

రెండు వారములు దాటినను నిద్ర చెదరి, ఇష్టమైన పనులయందును మనసు నిలువనిచో వైద్యునికి చూపవలెను. 2022 అక్టోబరు నుండి 14416 అను టెలీ మానస్ మానసికారోగ్య సహాయవాణి నంబరునకు ఏ వేళనైనను ఫోను చేసి తెలుగులో మాటాడవచ్చును. చావు తలపు వచ్చుచున్నదని బాధపడు మనిషి నోట వెలువడిన దినము మాత్రము, ఒంటరిగా విడువక, ఆనాడే ఆసుపత్రికి తోడ్కొనిపోవలెను.