హీరో వెనక మన రేవు

2024 ఆగస్టు మొదటివారం. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో, గోదావరి గట్టున నూటయాభై ఏళ్లుగా నిలబడ్డ ఓ నిద్రగన్నేరు చెట్టు నిలువునా చీలి నేలకొరిగింది. ఊళ్లో చెట్టు పడితే మామూలుగా ఏం చేస్తారు? దారికి అడ్డం లేకుండా కొమ్మలు కొట్టేస్తారు. వంటచెరకు కావలసినవాళ్లు పట్టుకుపోతారు. రెండ్రోజులకి ఆ సంగతే మర్చిపోతారు. ఈ చెట్టు విషయంలో మాత్రం అలా జరగలేదు. చుట్టుపక్కల ఊళ్లనుంచి జనం చూడ్డానికి వచ్చారు. ఇంట్లో మనిషి పోయినట్టు కళ్లు తుడుచుకున్నారు. పేపర్లలో ఫొటోలు, టీవీల్లో వార్తలు. దర్శకుడు వంశీ స్వయంగా వెళ్లి చూసొచ్చారు.

ఎందుకంటే అది 'సినిమా చెట్టు'. దాని అసలు పేరు ఎవరూ పిలవరు. ఆ చుట్టుపక్కల చెట్టంటే అదే!

1970ల మధ్యలో కృష్ణ నటించిన 'పాడిపంటలు'తో దాని సినిమా జీవితం మొదలైందని చెబుతారు. ఆ తర్వాత వందల సినిమాల వాళ్లు వచ్చారు. దాని కింద పంచాయతీలు జరిగాయి, ప్రేమలు పుట్టాయి, పాటలు పాడారు, ఎడ్లబళ్లు ఆగాయి. ఒక్క సీనైనా ఆ చెట్టుకింద తీస్తే సినిమా ఆడుతుందని నిర్మాతలకు గట్టి నమ్మకం. ఎన్ని ఆడాయో, ఎన్ని ఆడలేదో లెక్క తీస్తే ఆ నమ్మకం నిలుస్తుందా అన్నది వేరే సంగతి!

కెమెరాకి అది నచ్చడానికి కారణం వెతకనక్కర్లేదు. గొడుగు విప్పినట్టు నలువైపులా పరుచుకున్న కొమ్మలు. చిన్న చిన్న ఆకుల్లోంచి జల్లెడ పట్టినట్టు దిగే ఎండ. వెనక గోదావరి. పైగా పక్కనే రోడ్డు, సామాన్ల వ్యాను చెట్టుదాకా వచ్చేస్తుంది. అన్నట్టు, నిద్రగన్నేరు మన చెట్టు కాదు. దక్షిణ, మధ్య అమెరికా నుంచి పందొమ్మిదో శతాబ్దంలో ఓడెక్కి వచ్చింది. పొద్దుగూకితే ఆకులు ముడుచుకుంటుంది కనక మనవాళ్లు దానికి నిద్ర అని పేరు పెట్టుకున్నారు. ఎక్కడో పుట్టిన చెట్టు, తెలుగు పల్లెకి గుర్తయి కూర్చుంది. ఆ పని చేసింది సినిమానే.

వెనక ఏముందో చూసేవాళ్లు

మా మేనత్తది కొవ్వూరు దగ్గర పల్లె. ముప్ఫై ఏళ్లుగా హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. టీవీలో గోదావరి సినిమా వస్తే ఆవిడ చూసే పద్ధతే వేరు. హీరో ఏం అంటున్నాడో ఆవిడకి పట్టదు. హీరోయిన్ కన్నీళ్లూ పట్టవు. మెడ సాచి వాళ్ల వెనక్కి చూస్తుంది. 'ఒరేయ్, అదిగో మన రేవు! ఆ మెట్లు చూశావా, అక్కడే మేం బిందెలు తోముకునేవాళ్లం' అంటుంది. ఈలోపు సీను మారిపోతుంది. 'కాసేపు ఉంచొచ్చుగా వెధవలు' అని దర్శకుణ్ని తిట్టుకుంటుంది.

ప్రతి ఇంట్లోనూ ఇలాంటివాళ్లు ఒకరుంటారు. రైలు స్టేషన్ బోర్డు చదివేవాళ్లు, 'ఇది మా కాలేజీ మెట్లు' అని అరిచేవాళ్లు, పాట మధ్యలో కనబడే మండువా లోగిలి ఎవరిదో చెప్పేవాళ్లు. కథ చూసేవాళ్లకి అది కుర్రాడూ పిల్లా కలుసుకున్న చోటు. ఊరివాళ్లకి అది తమ చోటు, ఎవరో వచ్చి కథ చెప్పుకుని వెళ్లారంతే. అయినా ఆ కథవల్ల చోటుకి విలువ పెరుగుతుంది. రోజూ నడిచే గట్టే, 'అదిగో, ఆ పాట ఇక్కడే తీశారు' అని చుట్టాలకు చూపించే వస్తువవుతుంది. పరాయి ఊళ్లో 'మీదెక్కడ?' అని ఎవరైనా అడిగితే చెప్పుకోడానికి ఓ గుర్తు దొరుకుతుంది.

ఆ ఊరే లేకుండా పోతే?

గోదావరి మీదే పైకి వెళ్దాం. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా లాంచీ ప్రయాణాన్నే కథగా మలిచి బాపు 1973లో 'అందాల రాముడు' తీశారు. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' దాదాపు అదే దారి పట్టింది. రెంటిలోనూ పాపికొండలే అసలు హీరో అనిపిస్తుంది. ఆ కొండల దిగువన దేవీపట్నం మండలంలో ఎన్నో ఒడ్డు పల్లెలు ఉండేవి. పోలవరం ప్రాజెక్టు ఎగువ కాఫర్ డ్యామ్ కట్టాక, 2021లో అవి నీళ్లలో మునిగాయి. జనం పునరావాస కాలనీలకు వెళ్లారు. అక్కడ వరసగా ఒకే అచ్చులో పోసిన ఇళ్లు. ఏటికి పోయే దారిలేదు, రేవు లేదు.

లాంచీ డెక్కు మీద హీరోయిన్ నిలబడ్డ ఆ రెండు నిమిషాల్లో, ఆమె వెనక జారిపోయే ఒడ్డు ఇప్పుడు ఆ కుటుంబాలకి పాత ఆల్బమ్ లాంటిది. తీసినవాళ్లు ఊహించి ఉండరు. వాళ్లకి కావలసింది అందమైన వెనకతెర. 1964లో వచ్చిన 'మూగమనసులు' గుర్తుందా? కొత్త దంపతులు గోదావరి మీద పడవలో వెళ్తుంటే సుడిగుండం దగ్గర గతజన్మ తాలూకు ఏదో కదులుతుంది. ఒడ్డున ముసలి గౌరి వాళ్లకి జరిగిందంతా చెబుతుంది. చోటు ఒక్కటే ఉంటే చాలదు, చెప్పే గౌరి కూడా ఉండాలి. దేవీపట్నం గౌరులు ఇప్పుడు కాలనీల్లో ఉన్నారు.

కథ వరమైతే సరే, మచ్చయితే?

సినిమా ఇచ్చే గుర్తు ప్రతిసారీ ఊరు కోరుకున్నదే కానక్కర్లేదు. కర్నూలువాళ్లని అడగండి.

ఊరి నడిబొడ్డున కొండారెడ్డి బురుజు ఉంది. విజయనగర రాజుల కాలంనాటి కోటలో మిగిలిన ముక్క. అలంపురం పాలకుడు కొండారెడ్డిని పదిహేడో శతాబ్దంలో ఇక్కడ బంధించారని, అందుకే ఆ పేరని చెబుతారు. 1953 నుంచి మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు ఇది. ఇంత చరిత్ర ఉన్నా, మిగతా తెలుగువాళ్లకి ఆ బురుజు తెలిసింది 2003లో 'ఒక్కడు' వచ్చాకే. ప్రకాష్‌రాజ్ మనుషుల మధ్యకి మహేష్‌బాబు దిగిన చోటు అది! తమాషా ఏమిటంటే ఆ సినిమాలో చార్మినార్ సెట్టు, బురుజు నిజం. పదిహేడేళ్ల తర్వాత, 2020లో వచ్చిన 'సరిలేరు నీకెవ్వరు' కోసం ఆ బురుజునే రామోజీ ఫిల్మ్‌సిటీలో సెట్టుగా కట్టుకున్నారు. ఊరిని వెతుక్కుంటూ వెళ్లాల్సిన అవసరం పోయి, ఊరే స్టూడియోకి వచ్చేసింది.

బురుజు సంగతి సరదాగానే ఉంది. కానీ దానితోపాటు వచ్చినవి సుమోలు, వేటకత్తులు, తొడగొట్టడాలు. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడిన దగ్గర్నుంచి నాలుగైదేళ్లు సీమ అంటే అదే అన్నట్టు నడిచింది. అక్కడినుంచి హైదరాబాద్ చదువుకొచ్చిన పిల్లల్ని 'మీ ఇంట్లో బాంబులుంటాయా?' అని తోటివాళ్లు నవ్వుతూ అడిగేవాళ్లు. అదే సీమ గురించి కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ రాసిన కథలు తీసి చూడండి. అక్కడ వాన కోసం చూసే రైతులు, ఎండిన బావులు, బడిపంతుళ్లు కనబడతారు. కేతుకి 1996లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అయినా పుస్తకం చదివినవాళ్లెందరు, సుమో చూసినవాళ్లెందరు! ఇక్కడ సినిమాకి కాస్త మొట్టికాయ వేయాల్సిందే.

తెలంగాణ పల్లెది ఇంకో బాధ. చాలా ఏళ్లు తెరమీద ఆ యాస కమెడియన్‌కో, విలన్ పక్కనున్నవాడికో దక్కింది. ఊరు మాత్రం కనబడేది కాదు. 2017లో 'ఫిదా' వచ్చాక బాన్సువాడ పేరు పిల్లల నోట పలికింది. 2023లో 'బలగం' వచ్చినప్పుడైతే ఊరూరా పంచాయతీ దగ్గర తెరకట్టి జనం చాపలేసుకుని కూర్చుని చూశారు. సావుకాడి లొల్లి, పిట్టకి ముద్దపెట్టడం, అలిగిన బావ... తమ వాకిట్లో జరిగేదే తెరమీద జరుగుతుంటే కొన్నిచోట్ల మాటల్లేని అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకున్నారని కూడా పేపర్లలో వచ్చింది.

కెమెరా రాకముందు ఈ పని కథలే చేసేవి. విజయనగరం బొంకులదిబ్బ మీద నిలబడి ఎవరైనా గిరీశాన్ని తలుచుకోకుండా ఉండగలరా? 'కన్యాశుల్కం' తెర లేచేదే అక్కడ. బొంకులకు పెట్టింది పేరైన మనిషిని గురజాడ ఆ చోటే దింపడం చూస్తే నవ్వొస్తుంది. వంశీ 'మా పసలపూడి కథలు' 'స్వాతి'లో వస్తున్నప్పుడు ఆ ఊరు ఎప్పుడూ చూడనివాళ్లకి కూడా వీధులు తెలిసిపోయాయి. అంతెందుకు, అసలు లేని ఊరు మాల్గుడి! ఆర్కే నారాయణ్ ఊహలో పుట్టింది. శంకర్ నాగ్ టీవీ సీరియల్ కోసం కర్ణాటకలో ఆగుంబెని చూపించారు. ఆ సీరియల్లో కనిపించిన అరసాళు రైల్వేస్టేషన్‌లో 2020లో మాల్గుడి పేరుతో ఓ మ్యూజియమే వెలిసింది. లేని ఊరికి టికెట్టు లేకుండానే చేరుకోవచ్చు!

మళ్లీ కుమారదేవం వెళ్దాం. పడిన చెట్టుని అక్కడివాళ్లు వదిలేయలేదు. మొదలుకి మందులు పూసి బతికించే ప్రయత్నం చేశారు. కొన్ని వారాలకి చిగుళ్లు కనిపించాయి. మునుపటంత గొడుగు పట్టాలంటే మాత్రం ఇంకో రెండు మూడు తరాలు ఆగాలి.

చెట్టు పడిన రోజు మా మేనత్తకి ఫోన్ చేశాను. వార్త అప్పటికే చూసిందట. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'అది ఉన్న సినిమాలు ఏవేవో కాస్త కాగితం మీద రాసి పెట్టరా. టీవీలో ఎప్పుడొస్తాయో చూసుకుంటాను' అంది.