గాలి పోయే దారేదీ?

ఎండనైనా ఓర్చుకోవచ్చేమోగానీ, ఉక్కపోతను తట్టుకోవడం కష్టం. కలిదిండి లాంటి కొల్లేటి ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ. చెమట ఓ పట్టాన ఆరదు. నీళ్ల కూలర్లూ అంతగా పనిచేయవు.

పాతకాలం బడులు కట్టినవాళ్లు అందుకే ఎదురెదురు కిటికీలు, పైకప్పు కింద వెంటిలేటర్లు పెట్టేవారు. వేడిగాలి తేలికై పైకి చేరి అక్కణ్నుంచే బయటపడుతుంది.

2019 నవంబరు 14న మొదలైన 'నాడు-నేడు'తో సర్కారు బడులకు ఫ్యాన్లు వచ్చాయి. మంచిదే! కానీ ఫ్యాను గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది. ఏసీ పెట్టి తలుపులు బిగించినా అంతే... పిల్లలు వదిలిన బొగ్గుపులుసు వాయువు లోపలే పేరుకుంటుంది. బయటిగాలిలో అది పది లక్షల పాళ్లకు 420 పైచిలుకు. మూసిన తరగతిలో వెయ్యి దాటడం మామూలే. ఇక పాఠం వినేదెవరు, అన్నీ ఆవలింతలే!

పాత బడిని బాగుచేయాలంటే ముందు పైకి చూడండి. పావురాలొస్తున్నాయని ఇటుకలతో మూసేసిన వెంటిలేటర్లు ఉంటే తెరిపించి, వల కొట్టించండి. ఏసీ సంగతి ఆ తర్వాత!