మందుకు లొంగని తామర
కొల్లేరు చుట్టూ చేపల చెరువుల్లో వల లాగేవారికి గంటల తరబడి తడిబట్టలే. ఉక్కపోత తోడైతే గజ్జల్లో, నడుము చుట్టూ తామర ముదురుతుంది.

మందుల షాపులో అడిగి కొనుక్కున్న స్టెరాయిడ్ కలిసిన క్రీముతో దురద తగ్గుతుంది, ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. బాధాకరమైన సంగతేమిటంటే, అసలు ఫంగస్‌ను గుర్తించే పరీక్ష అంత ఖరీదైనదేమీ కాదు. మచ్చ అంచున గీకిన పొట్టును పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో ఉంచితే చర్మకణాలు కరిగి, మైక్రోస్కోపు కింద ఫంగస్ పోగులు కనిపిస్తాయి. ఏ జాతో తెలియాలంటే కల్చర్ పెట్టాలి. దానికి వారాలు పడుతుంది.

జపాన్ పరిశోధకులు 2020లో పేరు పెట్టిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే తామర ఫంగస్ మన దేశంలో విస్తరించింది. ఒక జన్యువులో వచ్చిన మార్పు వల్ల, దీని రకాల్లో చాలావాటిపై టెర్బినఫైన్ అనే ఫంగస్ మందు పనిచేయదు. అందుకే ల్యాబులో మందును వేర్వేరు మోతాదుల్లో కలిపి, ఎంతకు ఎదుగుదల ఆగుతుందో చూస్తారు. లొంగకపోతే డాక్టర్లు ఎక్కువగా ఇట్రాకొనజోల్ అనే మరో మందుకు మారుస్తారు.