రెండు రాజ్యముల సరిహద్దున చెరువు

విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరినుండి తూర్పుసీమను పాలించుచు, వెలిగొండలకు పడమట, నేటి కడప జిల్లాలోని పోరుమామిళ్ళలో ఒక చెరువు కట్టించెను. 1369లో ఆ వృత్తాంతమును సంస్కృత శాసనముగా చెక్కించిరి. దినమునకు వేయిమంది పనివారు, రాళ్ళు తోలుటకు నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినదని అది చెప్పుచున్నది. ప్రభువుల కీర్తిని చాటు శాసనములు పెక్కు కలవు. చెరువు కట్టు విద్యను బోధించు శాసనములు అరుదు.

మంచి చెరువునకు పన్నెండు సాధనములను, ఆరు దోషములను ఆ శాసనము పేర్కొన్నది. ధర్మబుద్ధిగల ప్రభువు, జలశాస్త్ర మెరిగిన పండితుడు, గట్టినేల, తీయని నీటి ఏరు, ఏటిని తాకియున్న కొండ, దృఢమైన రాతికట్ట, పండెడి పొలములు, నేర్పరులైన పనివారు మున్నగునవి సాధనములు. కట్టనుండి నీరూరుట, చవుడునేల, కొలది నీటికి మిక్కుటమగు ఆయకట్టు మున్నగునవి దోషములు. వీనిని నేటి ఇంజనీరును కాదనడు. కాని వానిలో ఒక దోషము నేలకు గాని నీటికి గాని సంబంధించినది కాదు. చెరువు రెండు రాజ్యముల సరిహద్దున నుండరాదట! అట్టి చెరువుకట్ట తెగినచో పూడ్చవలసిన వారెవరు? నీటిపై హక్కెవరిది? తగవు తీరులోపల చెరువే ఎండిపోవును.

ఇప్పుడు రాజ్యములు లేవు. సరిహద్దులు మాత్రము మిగిలినవి. ఉదయగిరి కొండ అటవీశాఖది. చెరువుకట్ట, తూము నీటిపారుదలశాఖవి. శిఖము భూమి రెవెన్యూ లెక్కలలోనిది. నీటికి ఈ భేదము తెలియదు. కొండపై చెట్టు పోయినచో, మన్ను దిగివచ్చి చెరువును పూడ్చును. ఆ లెక్కన కొండపాదముననున్న ప్రతి పల్లెచెరువును నేడు పెక్కు రాజ్యముల సరిహద్దుననే యున్నది.

వాతావరణము మారుచున్న ఈ కాలమున ఈ దోషము మరింత ప్రమాదకరము. గాలి ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కినచో, అది పట్టగల నీటియావిరి నూటికి సుమారు ఏడు పాళ్ళు పెరుగును. అందుచే కురిసినప్పుడు వాన కుండపోతగా కురియును. నడుమ ఎండ మిక్కిలి పీల్చును. పెన్నకు ఉపనదియైన చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 2021 నవంబరులో తెగి, దిగువ పల్లెలను ముంచివేసినది. ఆత్మకూరు వైపునకు 78 టి.యం.సీ.ల సోమశిల జలాశయము అండగా నున్నది. ఉదయగిరి మెట్టకో, కొండవానను పట్టెడి చెరువులే దిక్కు.

అట్టి సీమలో ఏ ఊట ఏ నెలలో ఎండునో గొఱ్ఱెలకాపరికి తెలియును. కొండకఱ్ఱతో గరిటెలు చెక్కి భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి పనివారికి, ఏ చెట్టు తగ్గుచున్నదో తెలియును. నీరు ఎక్కడ ఆగిపోవునో చివరిమడి రైతునకు తెలియును. 1997 నాటి చట్టముచే నీటివినియోగదారుల సంఘములు ఏర్పడినవి. కాని వానిలో ఓటు ఆయకట్టు భూమి గలవారిది. కాపరికిని, గరిటెలు చెక్కు స్త్రీకిని చోటులేదు.

పూర్వమంతయు బాగుండెననుటయు సరికాదు. ఊరివారందరును కలిసి చేయవలసిన చెరువు మరమ్మతును 1858లో చెన్నపట్టణపు ప్రభుత్వము చట్టముతో నిర్బంధించినది. శ్రమ పేదలది, నిర్ణయము పెద్దలది అయ్యెను. శ్రమతోపాటు మాటయు పంచుకొన్నచో ఫలితమెట్లుండునో ఇటీవలి అనుభవ మొకటి చూపినది. 2000 తరువాతి దశకములో, పొరుగున నున్న ప్రకాశముతో సహా ఏడు కరవు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే వానను, బావినీటి మట్టమును కొలిచిరి. రబీకి ముందు ఊరంతయు కూడి నీటి జమాఖర్చు వేసికొనిరి. ఏ పైరు వేయవలెనో ఎవరును ఆజ్ఞాపింపలేదు. లెక్క తెలిసిన రైతు తానే నిశ్చయించుకొనెను. పెక్కుమంది నీరెక్కువ త్రాగు పైరు తగ్గించిరి.

ఉదయగిరి, ఆత్మకూరు సీమలకు ఇట్టి లెక్క నేడు అవసరము. వానను కొలుచుట కష్టమైన విద్య కాదు. ప్రతి పాఠశాల ఆవరణలోను ఒక వానమాపకమును నిలిపి, విద్యార్థులు దినదినమును వ్రాసిన అంకెలను గ్రామసభలో చదువవచ్చును. ఆ సభకు కాపరిని, గరిటెపనివారిని, చివరిమడి రైతును పిలువవలెను. మూడు శాఖల ఉద్యోగులును అచ్చటికే రావలెను. శాసనము చెప్పిన సరిహద్దు దోషము తొలగుటకు అదియే మొదటి మెట్టు.