నాడీ విషమునకు విరుగుడు

1936లో జర్మనీ దేశమున గెర్హార్డ్ ష్రేడర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు పురుగులను చంపు మందుకొరకై పరిశోధించుచు టాబున్ అను ఘోర విషమును కనుగొనెను. సారిన్ ఆ కోవలోనిదే. పొలములలో చల్లు ఆర్గనోఫాస్ఫేట్ పురుగుమందులును ఈ జాతికే చెందినవి. కావున ఈ విషయము రైతు కుటుంబములును తెలిసికొనదగినది.

నరము కండరమునకు ఆజ్ఞ నిచ్చునపుడు ఎసిటైల్‌కోలీన్ అను ద్రవ్యము వెలువడును. పని ముగియగనే కోలినెస్టరేజ్ అను ఎంజైము దానిని విరుగగొట్టును. నాడీ విషము ఈ ఎంజైమును పట్టుకొని కదలనీయదు. అంతట నోట చొంగ కారును, కనుపాపలు కుంచించుకొనిపోవును, కండరములు అదరును, మూర్ఛలు వచ్చును, తుదకు ఊపిరి ఆగును.

అట్రోపిన్ అను మందు చొంగను, ఊపిరితిత్తులలో చేరు నీటిని అరికట్టును; కాని ఎంజైమును విడిపింపజాలదు. ఆ పని చేయునది 1955లో విల్సన్, గిన్స్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రాలిడాక్సిమ్. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో దుండగులు సారిన్ వదలినపుడు వైద్యులు ఈ రెండింటిని వాడిరి.

ప్రాలిడాక్సిమ్‌నకు ఒక లోపము కలదు. దాని అణువు ధన విద్యుదావేశము గలది. మెదడులోని సూక్ష్మ రక్తనాళముల గోడలు అట్టి పదార్థమును సులభముగా లోనికి పోనీయవు. 1975లో అమెరికాలో బోడర్, షెక్, హిగుచి అనువారు దీనికి ఉపాయము చూపిరి. ఆ అణువునే కొంచెము మార్చి ఆవేశము లేనిదానిగా చేసిరి. క్రొవ్వున కరగు ఈ రూపము గోడను దాటి, లోపల ఆక్సీకరణము చెంది, మరల ప్రాలిడాక్సిమ్ అగును. ఇట్లు దేహమున చేరిన పిదపనే అసలు మందుగా మారు పదార్థమును ప్రోడ్రగ్ అందురు. జంతువులపై జరిగిన ప్రయోగములలో దీని ఫలము కనబడినది గాని, ఆసుపత్రులలో ఇది వాడుకకు రాలేదు.

పురుగుమందు మింగినవారికి ప్రాలిడాక్సిమ్ సైతము అన్నివేళల మేలు చేయునని చెప్పజాలము. శ్రీలంకలో జరిగి 2009లో ప్రకటింపబడిన పరీక్షలో అది మరణములను తగ్గించినట్లు కనబడలేదు. అట్రోపిన్, శ్వాసకు సాయము, ఇవియే నేటికిని చికిత్సకు ఆధారములు. విషము పట్టిన ఎంజైము కాలము గడచినకొలది గట్టిపడి మందుకు లొంగదు. కనుక ఆలస్యము కూడదు.

రోగిని గాలి వచ్చు చోటికి చేర్చుడు. తడిసిన బట్టలు తీసివేసి, ఒడలిని సబ్బుతోను నీటితోను కడుగుడు. కడుగువారు చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనవలెను. టోక్యోలో రోగుల బట్టలనుండి లేచిన ఆవిరిచే వైద్య సిబ్బందియు అస్వస్థులైరి. వాంతి చేయింపరాదు. పురుగుమందు డబ్బాను వెంట గొని వెంటనే ఆసుపత్రికి పోవలెను. అన్నిటికంటె మేలైన విరుగుడు, ఆ డబ్బాను పిల్లలకు అందకుండ తాళము వేసి ఉంచుటయే.