చిత్తుకాగితములలో చిత్రము

చెట్టునుగాని, మనుష్యునిగాని, దేవతనుగాని చూపక, కేవలము రంగులతోను రేఖలతోను కూర్చిన చిత్రమును నైరూప్యచిత్ర మందురు. అందు రంగులతోపాటు కాగితపుముక్కలు, గుడ్డపేలికలు, కొయ్యతునకలుకూడ అతికించినచో చూచువారి సందేహము ఇబ్బడి యగును. ముందుగా ఏమియు అనుకొనక, చేతికి దొరికినది అంటించుటయు ఒక కళయేనా యని అడుగువారు కలరు. ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానమును ఒక చిత్రకారుని పనిలో వెదకుదము.

ఆయన పేరు కుర్ట్ ష్విట్టర్స్. 1887లో జర్మనీదేశమందలి హానోవరు నగరమున జన్మించెను. డ్రెస్డెన్ కళావిద్యాలయమున చిత్రలేఖనమును శాస్త్రోక్తముగ నేర్చెను. 1918లో ప్రపంచయుద్ధము ముగియునప్పటికి జర్మనీ ఓడిపోయినది. పాతవ్యవస్థ యంతయు ముక్కలైనది. ఆ ముక్కలతోనే క్రొత్తదానిని నిర్మింపవలెనని ఆయనకు తోచెను. వాడి పారవేసిన ట్రాము టిక్కెట్లు, పొట్లపుకాగితములు, తీగలు, దారములు ఏరి తెచ్చుచుండెను. 1919లో ఒక చిత్రమున అతికించిన బ్యాంకు ప్రకటననుండి "కొమెర్ట్స్" అను మాటలో "మెర్ట్స్" అను తునక మాత్రము కనబడెను. అర్థములేని ఆ తునకయే ఆయన కళకెల్ల పేరైనది.

ఇక ఆయన పనిచేయు తీరు. పిండియు నీళ్లును కలిపిన జిగురును కాగితముపై పరచి, తడి ఆరకమునుపే ముక్కలను వ్రేళ్లతో అటునిటు జరుపుచుండెడివాడు. మిగిలిన జిగురును తడిగుడ్డతో తుడిచివేయును. ఏ ముక్క ఎక్కడ నిలుచునో ముందుగా గీసికొన్న పటము లేదు. ఐనను అడుగడుగున నిర్ణయము కలదు. ఎఱ్ఱని తునక ఒకటి చూపునంతయు లాగుకొనుచున్నచో దాని చెంత ఏ రంగు ఉండవలెను? ఒకవైపు బరువు హెచ్చినచో రెండవవైపున ఏ సన్నని అంచు దానిని సరితూచగలదు? ఈ ప్రశ్నలకు మాటలు పుట్టకమునుపే కన్ను జవాబు చెప్పును. చేయి దానిని పాటించును. ముక్క తన చోటు చేరినంతట టిక్కెట్టు టిక్కెట్టుగా ఉండదు. ఒక వర్ణము, ఒక అంచు, ఒక లయ యగును.

మన శ్రోతలకు ఇది బొత్తిగా క్రొత్తవిషయము కాదు. విద్వాంసుడు తోడిరాగమును ఆలాపించునపుడు తరువాతి సంచార మెట్లుండునో ఆయనయే ముందుగా చెప్పలేడు. అయినను అపస్వరము పలుకదు. దానిని మనము మనోధర్మ మనుచున్నాము. ఏండ్లతరబడి చేసిన సాధన దాని వెనుక నున్నదని ఎరుగుదుము. ష్విట్టర్స్ సంగతియు అంతియే. ఉన్నదున్నట్లు మనుష్యులను, కొండలను చిత్రించుట ఆయన కడవరకు మానలేదు. అట్లు సానపట్టిన కన్నే చిత్తుకాగితములలో కుదురును కనిపెట్టెను.

ఆ సాధన ఎంత దృఢమైనదో ఆయన కష్టకాలమే చెప్పును. నాజీలు ఆయన కళను భ్రష్టమని దూషించిరి. 1937లో నార్వేకును, 1940లో అచటినుండి బ్రిటనుకును పారిపోయెను. జర్మనుడగుటచే అచట 1941వరకు నిర్బంధశిబిరమున నుండవలసివచ్చెను. హానోవరులో తన యింటినే ఒక మహాచిత్రముగ మలచియుండగా, 1943లో బాంబులు దానిని నేలమట్టము చేసెను. నార్వేలో మరల కట్టినది 1951లో కాలిపోయినది. 1947లో, ఆరోగ్యము చెడినను, ఇంగ్లండులోని సరస్సుల ప్రాంతమున ఒక రాతికొట్టపు గోడపై మూడవమారు ఆరంభించెను. 1948 జనవరిలో మరణించుటచే అది అసంపూర్తిగనే నిలిచెను. 1965లో ఆ గోడను న్యూకాసిల్ విశ్వవిద్యాలయమునకు తరలించి భద్రపరచిరి. ఇల్లు, దేశము, చిత్రములు పోయినను, దొరికినదానితో పొందిక కుదుర్చు నేర్పుమాత్రము ఆయన వెంట నడచినది.

కాబట్టి ఇట్టి చిత్రము మన కంటబడినప్పుడు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. బొటనవ్రేలిని కంటికెదురుగ పట్టి, చిత్రములోని ఒక ముక్కను మరుగుపరచి చూడుడు. మిగిలినదానికి ఏ లోటును కలుగకున్నచో మీ సందేహము నిజమే కావచ్చును. చిత్రమంతయు ఒకవైపునకు ఒరగినట్లు తోచినచో, ఆ ముక్క అచట ఊరక పడినది కాదని మీ కన్నే మీకు చెప్పును.