బ్యాడ్జి ఒకరిది, జీతం ఇంకొకరిది

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోర్సు చేసి ఉద్యోగం వెతికేవాళ్లకు తరచూ వినిపించే మాట 'థర్డ్ పార్టీ పేరోల్'. అంటే పని క్లయింట్ ఆఫీసులో, ఆఫర్ లెటర్ మాత్రం పంజాగుట్టలోనో ఇంకెక్కడో ఉన్న కాంట్రాక్ట్ కంపెనీది. క్లయింట్ కట్టే బిల్లులో కంపెనీ తన వాటా ఉంచుకుని మిగతాది మనకి జీతంగా ఇస్తుంది. ప్రాజెక్ట్ అయిపోతే బిల్లు ఆగుతుంది, మనం బెంచ్ మీదకొస్తాం. అసలు చిక్కు అక్కడే మొదలు.

అందుకే సంతకానికి ముందే అడగండి: బెంచ్‌లో జీతం ఇస్తారా? నోటీస్ పీరియడ్ ఎంత? పీఎఫ్ ఉందా?

పీఎఫ్‌ని మనమే చూసుకోవచ్చు. మామూలుగా బేసిక్‌లో 12 శాతం కట్ చేస్తారు, తర్వాతి నెల 15లోగా కంపెనీ జమ చేయాలి. 12 అంకెల యూఏఎన్‌తో పాస్‌బుక్ తెరవండి. పేస్లిప్‌లో కట్ అయిన డబ్బు అందులో కనిపించకపోతే వెంటనే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి. రేపు ఇంకో కంపెనీ మన ఎక్స్‌పీరియన్స్‌ని వెరిఫై చేసేటప్పుడు ఆ పాస్‌బుక్కే మన సాక్షి.